బామ్మర్ది ఇచ్చిన బలం

ఒంట్లో బలం తగ్గినకొద్దీ బలం మందు ఎక్కువ మింగి, మింగినకొద్దీ ఇంకా తగ్గిపోయి, తగ్గిపోయాను కదా అని మరింత మింగిన మహానుభావుణ్ణి నేను. ఇంటికి నిప్పంటుకుంటే ఆర్పడానికి కిరసనాయిలు బిందె ఎత్తుకుని పరుగెత్తినవాడు ఎవడైనా ఉంటే, వాడు నాకు దగ్గరి చుట్టమే అయ్యుంటాడు.

నేను ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాను. మా ఇంటి ముందుగదిలో రెండు మగ్గాలు. ఒకదాని మీద నేను, ఇంకోదాని మీద నా భార్య నాగమణి. పెళ్ళయినప్పటి నుంచీ ఇద్దరం మగ్గంలో మగ్గుతున్నామని హాస్యమాడుతుంటాను. ఆ మాటకు ఆమె నవ్వడం మానేసి చాలా ఏళ్ళయింది.

ఇప్పుడు గండం గడిచింది కాబట్టి కూర్చుని రాస్తున్నాను. రాసుకుంటే నా మనసు కుదుటపడుతుందన్నది ఒక కారణం. మీ ఇంట్లోనూ అటక మీదో, దేవుడి గూట్లోనో, ఎవరో కావలసినవాళ్ళు ప్రేమగా ఇచ్చిన పొడి సీసా ఒకటి ఉంటుందేమోనన్న అనుమానం ఇంకో కారణం. ఉంటే, ఇది చదివేలోగా ఒకసారి లేచి వెళ్ళి దాన్ని కిందికి దించండి. నేను ఆగుతాను.

చలి తగ్గే రోజులు

పోయిన ఏడాది చలికాలం చివర నాకొక దగ్గు పట్టుకుంది. మామూలు దగ్గే. కాకపోతే కరోనా తర్వాత మామూలు దగ్గు అనేదే లేకుండా పోయింది కదా. ఆ జబ్బు పోయింది గానీ, అది వెంటబెట్టుకొచ్చిన ‘ఇమ్యూనిటీ’ అనే మాట మా వీధిలోనే కాపురం పెట్టింది. టీ అంగడి దగ్గర ఎవడు తుమ్మినా నీకది తక్కువైందని పక్కవాడు తీర్పు చెప్పేవాడు.

సరిగ్గా అప్పుడే కదిరి నుంచి మా బామ్మర్ది ఓబులేసు దిగాడు. నాగమణికి ఒక్కడే తమ్ముడు. కదిరిలో చీరల అంగడి వాడిది. చీరలతో పాటు ఇన్సూరెన్సు, ఇంటి మీద సోలారు పలకలు, ఎన్నికలొస్తే ఫ్లెక్సీలు, ఏవంటే అవి అమ్ముతాడు. వాడి మీసం వాడికంటే ముందు మా గడప దాటుతుంది, వాడి గొంతు మీసం కంటే ముందు దాటుతుంది. మనిషి చెడ్డవాడు కాదు. తనకు నచ్చినదాన్ని నలుగురికీ అంటగట్టే దాకా నిద్రపోడు, అంతే.

“బావా, ఆ దగ్గేంది? నీకు ఇమ్యూనిటీ తక్కువైపోయినాది” అన్నాడు కూర్చోకముందే.

“ఎక్కువ కావాలంటే ఏం చేయాలప్పా?”

“అందుకే గదా వచ్చినా.”

సంచిలోంచి చిన్న గాజు సీసా తీశాడు. అందులో ఇటుక రంగు పొడి. కదిరిలో ఏదో కల్యాణమండపంలో మీటింగు పెట్టి, కార్లో వచ్చిన పెద్దమనిషి ఒకడు పంచిపెట్టాడట. బంగారం, వెండి, ఇంకా పేరు తెలియని లోహాలు కొన్ని పుటం పెట్టి, నూరి, మళ్ళీ పుటం పెట్టి చేసిన భస్మమట. లోటాతో నీళ్ళు తెమ్మని, చిటికెడు పొడి వాటి మీద చల్లాడు. పొడి మునగలేదు. నీటి మీద పల్చగా పరుచుకుని తేలింది.

“చూసినావా? లోహమే గానీ నీళ్ళలో మునగలా. అంత మెత్తగా చేసినారు. ఇప్పుడు నీ చెయ్యి ఇట్టా ఇయ్యి.”

నా చూపుడువేలి మీద కొంచెం వేసి, బొటనవేలితో నలపమన్నాడు. నలిపాను. పొడి నా వేలి గీతల్లోకి ఇంకిపోయింది. గరుకు లేదు, పలుకు లేదు.

నేను పడిపోయింది ఇక్కడే. మా పనిలో కన్ను తర్వాత వేలే పెద్దమనిషి. పట్టు పోగుకు మెలి సరిగా పడిందా, జరీ మంచిదా నాసిదా అన్నది బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చెప్పేస్తాం. ఎదుటివాడు ఎన్ని మాటలు చెప్పినా చివరికి మా వేళ్ళదే తీర్పు. ఇన్నేళ్ళలో నా వేళ్ళు నన్ను మోసం చేసింది లేదు. ఆ రోజు కూడా చేయలేదు. పొడి మెత్తగా ఉందన్నాయి, అంతే. మంచిదని అవి అనలేదు. ఆ రెండో మాట నేనే కలుపుకున్నాను.

వంటింటి గుమ్మంలోంచి నాగమణి అంతా చూస్తోంది.

“అక్కా, నువ్వూ తిను. నేనూ తింటాండా” అని ఛాతీ మీద చరుచుకున్నాడు ఓబులేసు.

“బంగారం మెడలో ఏసుకోవాల గానీ కడుపులో ఏసుకుంటారా ఎవరన్నా? నాకొద్దు నాయనా.”

“నీకు తెలీదు, గమ్మునుండక్కా.”

“తెలీదనే వద్దంటాండా.”

మా ఇంట్లో ఆ రోజు మాట్లాడిన తెలివైన మాట అదొక్కటే. నేను దాన్ని పట్టించుకోలేదు.

ఎండాకాలం

మొదట్లో చాలా హుషారుగా ఉండేది. అది పొడి మహిమ కాదు, పొడి తింటున్నానన్న ధీమా మహిమ. మగ్గం మీద పాటలు కూడా పాడేవాణ్ణి. నాగమణి పోగు మోసే నాడె ఆపి, “దగ్గే మేలుగా ఉండె” అనేది.

ఉగాది దాటాక నోటికి రుచి మారింది. ఏం తిన్నా నాలుక కింద రూపాయి బిళ్ళ పెట్టుకుని తిన్నట్టుండేది. సంగటి, ఊరిబిండి పచ్చడి అంటే ప్రాణం పెట్టేవాణ్ణి, అవీ సహించలేదు. కడుపులో ఎవరో తడిబట్టను పిండుతున్నట్టు నొప్పి వచ్చేది. తర్వాత జలుబు చేసింది, అది పోలేదు. ఒకటి పోకముందే ఇంకొకటి వచ్చి, బస్సు సీటు మీద తువ్వాలు వేసుకున్నట్టు చోటు పట్టుకునేది. మెడ మీద గడ్డ లేచింది. అది తగ్గిందనుకునేసరికి చంకలో ఇంకొకటి. నోట్లో పొక్కులు.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది నా బొటనవేలు. జరీ పోగు కోసుకోవడం మాకు కొత్త కాదు. అదొక గాయమని కూడా అనుకోం. ఈసారి కోసుకున్నది మానలేదు. వాచింది, చీము పట్టింది. అది సగం ఆరేసరికి పక్కవేలు మొదలుపెట్టింది. పట్టు నేసేవాడికి వేలు పుండయితే పని ఆగినట్టే. కట్టు కట్టుకుని నేస్తే పోగు తెలియదు, కట్టు విప్పి నేస్తే చీర మీద మరక పడుతుంది. అప్పుడు నా మగ్గం మీద కుంకుమ రంగు పెళ్ళిచీర ఒకటి సగం నేసి ఉంది. ఆ చీర మీద గుడ్డ కప్పేశాను.

దాని వెనకే ఇంకొకటి వచ్చింది. నాడెను ఇటూ అటూ పరుగెత్తించే తాడు లాగుతుంటే మణికట్టు వాలిపోసాగింది. ఒకరోజు నీళ్ళ లోటా చేతిలోంచి జారి పడింది. లోటా పడిన చప్పుడు చిన్నదే గానీ, మేమిద్దరం చాలాసేపు దాన్ని ఎత్తకుండా చూస్తూ ఉండిపోయాం. మళ్ళీ నేయగలనా అన్న ప్రశ్న ఆ లోటాతో పాటే మా ఇంట్లో పడింది. 

డాక్టర్ల దగ్గరికి తిరిగాను. బిళ్ళలిచ్చారు, తగ్గేది, మళ్ళీ వచ్చేది. షుగర్ చూశారు, లేదు. కఫం చూశారు, క్షయ లేదు. ప్రతివాళ్ళూ అడిగిన ప్రశ్న ఒకటుంది: “ఇంకేమైనా మందులు వాడుతున్నారా?”

“లేదు సార్” అని ప్రతిసారీ ధైర్యంగా చెప్పాను. అబద్ధమాడుతున్నానని అనుకోలేదు. అది మందు కాదు కదా, బలం.

ఫోన్లో ఓబులేసు వైద్యం సాగుతూనే ఉంది.

“గడ్డలు లేస్తాండాయా? మంచిదే బావా! లోపలుండే చెడంతా బయటికి తోస్తాండాది.”

“ఎంతకాలం తోస్తాదప్పా?”

“నీ లోపల ఎంత చెడు ఉండాదో నాకేం తెలుసు? డోసు పెంచు.”

పెంచాను. శనగగింజంత తినేవాణ్ణి చెనిక్కాయ గింజంత తినడం మొదలుపెట్టాను. పక్కింటి నేతగాడు నారాయణస్వామికి కూడా చెప్పి చూశాను, తినమని. “మీ బామ్మర్ది అమ్మిన సోలారు మా మిద్దె మీద ఇంగా ఎలగలా. వాని పొడి నా కడుపులో ఏం ఎలుగుతాది?” అన్నాడు. వాడి అపనమ్మకం వాణ్ణి కాపాడింది.

ఆషాఢం

చివరికి నాగమణి నన్ను అనంతపురంలో ఒక ఆసుపత్రికి తీసుకుపోయింది. రైల్లో కిటికీ పక్కన కూర్చోబెట్టింది. చినుకు పడక దుక్కి చేసిన చేలు అలాగే ఎర్రగా పడి ఉన్నాయి. వాటినీ నన్నూ మార్చి మార్చి చూసింది.

ఆసుపత్రి హాల్లో సిమెంటు బెంచీలు, పైన దయతలచినప్పుడు తిరిగే ఫ్యాను. మాకు చోటు లేదు. ముదిగుబ్బ దగ్గర గొర్రెలు మేపుకునే ముసలాయన ఒకాయన, భార్యకు చూపించడానికి వచ్చినవాడు, కంబళి మడిచి ఒళ్ళో పెట్టుకుని జరిగి కూర్చున్నాడు.

“కూసో అప్పా. నిలబడితే రోగం ఎక్కువైతాది, కూసుంటే టయిము ఎక్కువైతాది. ఏదో ఒకటి కావాల గదా.”

ఉడకబెట్టిన చెనిక్కాయలు సంచిలోంచి తీశాడు. నా వేళ్ళకు కట్లు చూశాడు. అప్పటికి మా వీధిలో కొందరు నా పక్కన కూర్చోవడం తగ్గించారు. ఈయన మాత్రం కాయలు తనే ఒలిచి గింజలు నా అరచేతిలో పోశాడు. మళ్ళీ ఒలిచాడు, మళ్ళీ పోశాడు. ఏం రోగమని అడగలేదు. ఆ గింజల రుచి కూడా నాకు లోహంలాగే ఉంది. అయినా అన్నీ తిన్నాను.

లోపల డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. అన్నీ చూసి, గొంతు తగ్గించి, ఇంకో రక్తపరీక్ష చేయించాలి, మీకు అభ్యంతరం లేదు కదా అంది. ఒంట్లో రోగాన్ని ఎదుర్కొనే శక్తి ఇలా తగ్గిపోతే అది చూడక తప్పదంది. ఎయిడ్స్ పరీక్ష అని అర్థమైంది. దానికి వేరే గది ఉంది. ఆ గది తలుపు మీద ఏం రాసి ఉందో హాల్లో అందరికీ తెలుసు. అందుకే అందరూ గోడల వైపు చూస్తూ కూర్చుంటారు.

రక్తమిచ్చి వచ్చి నాగమణి పక్కన కూర్చున్నాను.

“నేను అట్లాంటోణ్ణి కాదని నీకు తెలుసు గదా నాగా.”

“తెలుసు” అంది. కొంచెం ఆగి, “అయినా రిజల్టు రానీ” అంది.

ముసలాయన మా ఇద్దరి మధ్యా వంగి చూశాడు. “ఏమప్పా, అమ్మి మాట్లాడకుండా ఉండాది?”

“పరీక్ష రాసినా పెద్దాయనా. రిజల్టు కోసం చూస్తాండాం.”

“ఈ వయసులో పరీక్ష ఏందప్పా!”

“ఈ వయసులోనే గదా కష్టమైన పేపరు ఇస్తారు.”

నాగమణి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుకో, ఏడుపుకో నాకు తెలియలేదు. ఆ మధ్యాహ్నం నేను చేసిన తప్పులన్నీ గుర్తు తెచ్చుకున్నాను. ఆ రోగం రాదగ్గ తప్పు ఒక్కటీ దొరకలేదు. అయినా భయం తగ్గలేదు. భయానికి లెక్క అక్కర్లేదు.

ఆ రోగం లేదని చెప్పారు. నాగమణి లేచి నిలబడి, “ఆకలైతాంది” అంది. పొద్దుటి నుంచి ఆమె ఏమీ తినలేదని నాకప్పుడే తెలిసింది.

డాక్టరమ్మ మాత్రం సంతోషపడలేదు. నా పెదవి పైకెత్తి పళ్ళ చిగుళ్ళు చూసింది. చెయ్యి చాపమని, మణికట్టు ఎత్తమని, వాలిపోతుంటే పట్టుకుని చూసింది.

“లోహాలతో ఏమైనా పని చేస్తారా?”

“జరీ మేడం.”

“అది కాదు. పాత బ్యాటరీలు విప్పడం, సీసం కరిగించడం లాంటివి?”

“లేదు మేడం.”

“నాటుమందులు, పొడులు, లేహ్యాలు?”

“లేదు మేడం.”

 నాగమణి కొంగు చివర మెలిపెడుతోంది. ఆమెకు ఎంత కష్టమైందో నేను తర్వాత ఆలోచించాను. తోడబుట్టినవాడి పేరు ఆ గదిలోకి తీసుకురావాలి.

“తేనెలో కలుపుకోని పొద్దున్నే తింటావే,” అంది నా వైపు చూడకుండా, “అదేందో చెప్పు మేడానికి.”

“అది మందు కాదే. బలం.”

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. “ఎవరిచ్చారు?”

“మా తమ్ముడు మేడం” అంది నాగమణి, కోర్టులో సాక్ష్యం చెప్పినట్టు.

శ్రావణం

నా రక్తం, ఆ సీసా రెండూ పరీక్షకు వేరే ఊరు పోయి వచ్చాయి. రెంటిలోనూ ఒకటే దొరికింది. సీసాలో సీసం. దాని పక్కన పాదరసం కూడా. బంగారం మాత్రం ఎక్కడా దొరకలేదు.

సీసమంటే నాకు తెలిసింది బళ్ళో చదువుకున్న సీస పద్యమే. అది అప్పజెప్పాల్సిన రోజున కూడా ఇలాగే కడుపునొప్పి వచ్చేది. ఆ మాట డాక్టరమ్మతో అంటే ఆమె మొదటిసారి నవ్వింది. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుని మాకు అర్థమయ్యేలా చెప్పింది.

“మన ఒంట్లో కాపలా కాసే కణాలుంటాయి. బయటి క్రిమి వస్తే అవి గుర్తుపట్టాలి, పట్టుకోవాలి, చంపాలి. ఇలాంటి లోహాలు లోపల చేరితే ఆ కాపలా గాడి తప్పుతుంది. కొన్ని కణాలు దొంగను గుర్తుపట్టవు. గుర్తుపట్టినవి సరిగా పోట్లాడవు. ఒక్కోసారి పొరపాటున సొంత ఇంటివాళ్ళ మీదే పడతాయి.”

“అర్థమైంది మేడం. మా ఇంట్లోనూ అట్లాంటోడు ఒకడున్నాడు” అన్నాను.

నాగమణి నా మోకాలి మీద గిల్లింది.

“మీ పుండ్లన్నిటికీ ఇదొక్కటే కారణమని నేను రాసివ్వలేను. కానీ మిగతావన్నీ వెతికాం, దొరకలేదు. ఇది దొరికింది. ముందు ఆ పొడి ఆపండి. సీసం ఎముకల్లో దాక్కుంటుంది. నెమ్మదిగా గానీ బయటికి రాదు.”

“నా చెయ్యి వస్తాదా మేడం? మళ్ళీ నేస్తానా?”

ఆమె వెంటనే తల ఊపలేదు. అందుకే నేను ఆమెను నమ్మాను. “వస్తుందనే అనుకుంటున్నాను. ఆలస్యమవుతుంది. ఓపిక పట్టాలి” అంది.

ఒంట్లోని లోహాన్ని బయటికి లాగే గొట్టం మాత్రలు ఇచ్చారు. డబ్బా మూత తీస్తే కుళ్ళిన కోడిగుడ్డు వాసన. తేనెతో తియ్యగా లోపలికి పోయినదాన్ని బయటికి రప్పించడానికి అంత కంపు కావలసి వచ్చింది. కొన్నాళ్ళు వార్డులో ఉంచి, తర్వాత ఇంటికి పంపారు.

శ్రావణం పెళ్ళిళ్ళ కాలం. మా వీధి పొడుగునా మగ్గాల చప్పుడు. మా ఇంట్లో ఒక మగ్గమే పలికేది. నేను గోడకు ఆనుకుని రబ్బరు బంతి పిసుకుతూ కూర్చునేవాణ్ణి, వేళ్ళకు బలం రావడానికి. ఆ బంతి పక్కింటి చంటిపిల్లది. పెళ్ళిచీర చేయించుకుంటున్న షావుకారు ఒకరోజు వచ్చాడు. కప్పిన గుడ్డ ఎత్తి చూశాడు. చీర ఇంకెవరికో అప్పజెబుతాడనుకున్నాను. “పెళ్ళివాళ్ళకు వేరే చీర ఇచ్చి పంపినా. ఇది నీ చేతిదే కావాల. మేలైనాక నెయ్యి” అని గుడ్డ మళ్ళీ తనే కప్పి వెళ్ళిపోయాడు. ఆయన ఎప్పుడూ గట్టిగా బేరమాడే మనిషి. ఆ తర్వాత కూడా అలాగే ఆడాడు. ఆ ఒక్కరోజే తేడా.

ఇంట్లో అసలు పుండు వేరే ఉంది. నాగమణి తమ్ముడికి ఫోన్ చేసి, నేను వింటుండగానే అరిచింది.

“మా గడప తొక్కొద్దురా నువ్వు! మనిషిని చంపేదానికి తెచ్చినావా?”

స్పీకరు లేకపోయినా వాడి గొంతు గదంతా వినిపించింది. “నేనేమన్నా కావాలని చేసినానా అక్కా? నేనూ తింటాండా గదా! నాకేమన్నా అయ్యిందా?”

“వాణ్ణి ముందు మానమను” అన్నాను.

“చెప్పినా. వినల్యా. మందు మంచిదేనంట, నీ ఒళ్ళే చెడ్డదంట.”

ఫోన్ పెట్టేసి మగ్గంలో కూర్చుంది. నాడె రెండుసార్లు అటూ ఇటూ పోయి ఆగిపోయింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. లేచి దగ్గరికి పోయాను.

“వాణ్ణి ఇంట్లోకి రానిచ్చింది నేనే” అంది.

“వాడిచ్చింది సీసా. మింగింది నేను. వద్దని చెప్పింది నువ్వు. ఈ ముగ్గురిలో ఏడవాల్సింది నువ్వెట్లైతావు?”

“నువ్వు ఏడవవు. వాడు ఏడవడు. ఎవరో ఒకరు ఏడవాల గదా” అంది ముక్కు తుడుచుకుంటూ. అన్ని నెలల తర్వాత నాగమణి నాతో హాస్యమాడింది. ఆ రోజు నుంచి నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

కార్తీకం

మంచి వార్త ఎవరూ మోసుకురాలేదు, దానంతట అదే వచ్చింది. నాడెలో పెట్టే కండె చుడుతుంటే జరీ పోగు మళ్ళీ నా వేలు కోసింది. సన్నటి గీత, ఒక రక్తపు బొట్టు.  మళ్ళీ మొదలవుతుందని ఆ రోజంతా వేలు పైకెత్తుకుని తిరిగాను, క్రికెట్లో అంపైరులాగా.

మరుసటి రోజు వాపు లేదు. ఆ తర్వాత పొద్దున లేచి చూస్తే గాయం మీద పెచ్చు కట్టింది. ఎండిన, నల్లటి, చక్కటి పెచ్చు.

“నాగా! ఇట్లా రా!”

పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. “ఏమైంది?”

“చూడు.”

వంగి చూసింది. “ఏముండాది?”

“పెచ్చు.”

“పెచ్చు చూడనీకి పొయ్యి మీద రొట్టె వదిలేసి వచ్చినానా?” అంది. అన్నది గానీ కదల్లేదు. నా వేలు పట్టుకుని వెలుతురు వైపు తిప్పి, చాలాసేపు చూసింది. రొట్టె మాడిన వాసన వచ్చాక గానీ ఇద్దరికీ తెలియలేదు. మాడిన రొట్టె చెరి సగం తిన్నాం. నోటికి మాడు రుచి తెలిసింది. లోహం రుచి లేదు.

నా ఒంట్లో కాపలావాళ్ళు మళ్ళీ డ్యూటీ ఎక్కారని నాకు రిపోర్టుల కంటే ముందు ఆ పెచ్చే చెప్పింది. రిపోర్టులు తర్వాత అదే మాట ఇంగ్లీషులో చెప్పాయి. సీసం తగ్గుతోంది, ఇంకా కొంత ఉంది, పరీక్షలకు వస్తూ ఉండాలి.

చీర మీది గుడ్డ తీసిన రోజున జానెడు కూడా నేయలేదు. మర్నాడు ఇంకొంచెం. తాడు లాగితే మణికట్టు వణికేది గానీ వాలేది కాదు. సరిగ్గా నేను ఆపిన చోట చీరలో ఒక సన్నటి గీత పడింది. పరీక్షగా చూసేవాళ్ళకే కనబడుతుంది. షావుకారు కళ్ళజోడు పెట్టుకుని దాన్ని కనిపెట్టాడు. కనిపెట్టి కూడా చీర తీసుకుపోయాడు. ఆ చీర ఎవరో పెళ్ళికూతురు కట్టుకుని పీటల మీద కూర్చునే ఉంటుంది. ఆమెకు మంచి జరగాలి.

మళ్ళీ చలి

ఓబులేసు సంగతి మిగిలింది. వాడి గురించి మీరు కంగారు పడకుండా ముందే చెప్పేస్తాను. వాడి రక్తంలోనూ సీసం తేలింది, నాదానికంటే తక్కువ. వాడు మోతాదు పెంచలేదు మరి, నాకే పెంచమన్నాడు. మానేశాడు. మందు వాడుతున్నాడు. తన దగ్గర ఆ పొడి కొన్నవాళ్ళ ఇళ్ళకు తనే పోయి సీసాలు వెనక్కి తెచ్చాడు. ఇన్నాళ్ళలో వాడు అమ్మిన వస్తువు వెనక్కి తీసుకోవడం నేను చూసింది అదే మొదలు.

కానీ వాణ్ణి పరీక్షకు ఒప్పించడం మాత్రం మాటలతో అయ్యే పని కాలేదు. మొన్న చలికాలంలో, అక్క కోపం చల్లారిందో లేదో చూడటానికి, వాడు గడప బయటే నిలబడి తొంగిచూశాడు. మీసం అలాగే ఉంది గానీ దాని కింద మనిషి తగ్గాడు. మధ్యమధ్య కడుపు పట్టుకుంటున్నాడు.

“అది గ్యాసులే” అన్నాడు అడగకముందే.

నాగమణికి కోపం పోలేదు. అన్నం మాత్రం పెట్టింది. వాడు చెయ్యి కడుక్కోవడానికి పోయినప్పుడు నా చెవిలో చెప్పింది: “వానికి సూది అంటే భయం. చిన్నప్పుడు బడికి టీకాలోళ్ళు వస్తే మిద్దెక్కి కూసున్నాడు. మా నాయన నిచ్చెన ఏసి దించినాడు.”

నేను సంతోషం దాచుకుని వాడి దగ్గర కూర్చున్నాను. “రేపు అనంతపురంలో నాకు చెకప్ ఉండాది ఓబులేసూ. ఒక్కణ్ణే పోలేను. తోడొస్తావా?”

నా ఒంటికి తను చేసినదానికి అంతకంటే ఏం అడిగినా వచ్చేవాడే. వచ్చాడు. దారి పొడుగునా నా సంచి తనే మోశాడు.

రక్తం తీసే కిటికీ దగ్గరి అమ్మాయికి నేను రెండు పేర్లు చెప్పాను. వాడు ఆ హడావుడిలో గమనించలేదు. నాది అయిపోయాక ఆ అమ్మాయి తల ఎత్తి, “ఓబులేసు ఎవరు? రండి, చెయ్యి చాపండి” అంది.

“బావా! ఇదేంది? నా పేరెందుకు చెప్పినావు?”

“నువ్వూ తిన్నావు గదప్పా.”

“నాకేం కాలా బావా! దున్నపోతు మాదిరి ఉండా.”

“దున్నపోతుకు సూది గుచ్చితే తెలియను కూడా తెలియదు. కూసో.”

“ఈరోజు శనివారం. ఉపవాసముండా.”

“పరగడుపున అయితే ఇంకా మంచిది అన్నా” అంది ఆ అమ్మాయి, దూది తడుపుతూ.

వాడు లేచాడు. తలుపు వైపు ఒక అడుగు వేశాడు. నేను వాడి మణికట్టు పట్టుకున్నాను. ఆలోచించి పట్టుకోలేదు, చెయ్యి దానంతట అదే పోయి పట్టుకుంది. వాడు లాగాడు. నా పట్టు జారలేదు. వాడు నాకంటే లావు, నాకంటే చిన్నవాడు. గట్టిగా గుంజాడు. నా వేళ్ళు బిగుసుకున్నాయి గానీ ఒక్కటీ వదల్లేదు. వాడు ఆగిపోయి నా చేతిని చూశాడు. నేనూ చూశాను.

“విడు బావా” అన్నాడు. ఆ గొంతులో అరుపు లేదు.

“విడిపించుకో.”

విడిపించుకోలేదు. మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. ముఖం పక్కకు తిప్పుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మీసం వణుకుతోంది. ఆ అమ్మాయి వాడి మోచేతి లోపల ఒకసారి తట్టింది, ఇంకోసారి తట్టింది, వేలితో తడిమి చూసింది.

“నరం సరిగా దొరకడం లేదన్నా. రెండో చెయ్యి కూడా చూడాలి. కొంచెం టైం పడుతుంది” అంది నాతో.

“తొందరేం లేదమ్మా,” అన్నాను, “నిదానంగా చూడు.”